ఫోటోలో మసకగా పడినావిడ

మీ ఇంట్లో పాత పెళ్ళి ఫోటోలు వుంటే ఒకసారి తీసి చూడండి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, వియ్యంకులు, వియ్యపురాళ్ళు, ముందు వరసలో చాప మీద పిల్లలు, అందరూ వుంటారు. తెల్లవారుజామున లేచి అంతమందికీ ఉప్మా కలిపిన పిన్ని మాత్రం వుండదు. వున్నా ఏ స్తంభం చాటునో, సగం మొహంతో, చేతిలో గరిటెతో వుంటుంది. "ఆ చివర ఎవరూ?" అని పిల్లలు అడిగితే, "ఎవరో బంధువులేలే" అని పేజీ తిప్పేస్తాం.

పోయిన వేసవిలో నంద్యాల వెళ్ళినప్పుడు నాకీ సంగతి బాగా తట్టింది. స్నేహితురాలి ఇంట్లో దిగాను. వాళ్ళది నాలుగు తరాలుగా క్రైస్తవ కుటుంబం. వాళ్ళ అత్తగారికి ఎనభై దాటాయి. మధ్యాహ్నం పూట కాలక్షేపానికి ఆవిడ ట్రంకు పెట్టెలోంచి ఒక ఫోటో తీసి చూపించింది. నూరేళ్ళు దాటిన ఫోటో. వెనకాల కొత్తగా సున్నం కొట్టిన గుడి గోడ, ముందు కుర్చీలో దొర, పక్కన టోపీ పెట్టుకున్న దొరసాని, అటూ ఇటూ తలపాగాలు చుట్టుకున్న పాదిర్లు, ఉపాధ్యాయులు. కుడివైపు చిట్టచివర ఒక ఆడమనిషి. చీర అంచు, కాళ్ళు స్పష్టంగా వున్నాయి. మొహం మాత్రం వేలితో తుడిచినట్టు చెదిరిపోయింది.

"ఈమె మా జేజంటమ్మా" అంది ఆవిడ. "గుడి కట్టేటప్పుడు సున్నం మోసిందంట. ఆమెకు నలుగురు పిల్లోళ్ళు. మా నాయన కడగొట్టోడు."

"పేరేమిటండీ?"

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "మా నాయన చెప్పేవాడు. నేనే మరిచిపోయినా."

ఫోటో తిరగేసి చూశాం. పెన్సిలుతో ఇంగ్లీషులో దొరగారి పేరు వుంది. గుడి పేరు వుంది. సంవత్సరం కూడా వుంది. అంతే.

ఇంటికొచ్చాక ఇలాంటి పాత ఫోటోలు ఎక్కడెక్కడ దొరుకుతాయా అని వెతకడం మొదలుపెట్టాను. ఈ రోజుల్లో అదేమంత కష్టం కాదు. నంద్యాల వైపు పని చేసిన ఎస్‌పీజీ మిషన్ వారి కాగితాలు ఆక్స్‌ఫర్డులో బోడ్లియన్ గ్రంథాలయంలో వున్నాయి. కడప వైపు పని చేసిన లండన్ మిషన్ వారివి లండన్‌లోని సోయాస్‌లో వున్నాయి. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు రకరకాల మిషన్ల పాత ఫోటోలను ఒకచోట చేర్చి, ఎవరైనా చూసుకునేలా కంప్యూటర్లోకి ఎక్కించారు. మన సీమ ముత్తవ్వల మొహాలు మన వూళ్ళో కన్నా అక్కడే ఎక్కువ భద్రంగా వున్నాయంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

పాత సినిమా గురించీ, పాత నవల గురించీ మంచీ చెడూ మాట్లాడుకుంటాం కదా, పాత ఫోటో గురించి మాత్రం "అబ్బ, ఎంత బాగుందో!" అని వూరుకుంటాం. ఫోటో కూడా ఒకరు ఒక ఉద్దేశంతో తీసినదే. ఎవరికోసం తీశారు, ఏది మధ్యలో పెట్టారు, ఏది అంచుకి తోశారు అని దాన్నీ అడగవలసిందే.

ముందు ఆ మొహం ఎందుకు చెదిరిందో చూద్దాం. ఫోటోగ్రఫీ సంగతి లోకానికి వెల్లడైంది 1839లో. తమాషా ఏమిటంటే కుంఫిణీ వాళ్ళు కర్నూలు నవాబును దింపేసి ఆ సీమను కలుపుకున్నదీ ఆ సంవత్సరమే. తరువాత కొన్నాళ్ళకి వచ్చిన పద్ధతిలో గాజు పలకకి మందు పూసి, తడి ఆరక ముందే కెమెరాలో పెట్టి తీయాలి. ఆ పలకలూ, మందులూ, చీకటి గుడారమూ మోయడానికి బండి కట్టాల్సిందే. 1880లలో పొడి పలకలు బాగా వాడుకలోకి వచ్చాక పని కాస్త తేలికైంది. అయినా పెద్ద గుంపును తీయాలంటే కొన్ని క్షణాలు అందరూ బిగుసుకుని నిలబడాలి. కుర్చీలో కూర్చున్న దొరకి అది సులువే. గోడకైతే మరీ సులువు. చంకలో పిల్లాడున్న తల్లికో, ఎవరైనా పిలిచారేమోనని పక్కకి చూసే పనిమనిషికో అది సాధ్యమా? కదిలిన మనిషి పొగలా పడుతుంది. మరీ కదిలితే అసలు పడనే పడదు. అందుకే ఆ కాలపు ఫోటోల్లో కట్టడాలు కత్తి అంచులా వుంటాయి, చుట్టూ వున్న జనం చెరిగిపోయి వుంటారు.

ఇంకో చిత్రం వుంది. ఆ పలకలకి నీలం రంగు బాగా కనిపించేది, ఎరుపు దాదాపు కనిపించేది కాదు. కుంకుమ నల్లటి మచ్చలా పడుతుంది. ఎర్రచీర నల్లచీర అవుతుంది. నీలంచీర వెలిసిపోయినట్టు తెల్లగా పడుతుంది. పసుపు రాసుకున్న మొహం ఉన్నదానికన్నా నల్లగా కనిపిస్తుంది. పండక్కని పసుపు పూసుకుని, ఎర్రచీర కట్టుకుని వచ్చినావిడ ఆ ఫోటోలో చీకట్లో నిలబడ్డట్టు వుంటుంది. పక్కనే తెల్ల గౌనులో దొరసాని దీపంలా వెలుగుతుంటుంది. "పాతకాలం ఆడవాళ్ళు ఎంత దిగులుగా వుండేవారో!" అని మనం జాలిపడతాం. ఆ దిగులులో సగం గాజుపలక తెచ్చిపెట్టింది.

ఇక రైలు సంగతి. కడప మీదుగా మద్రాసు రైల్వే వారి లైను ముందే వచ్చింది. అది రాయచూరు దగ్గర బొంబాయి వైపు లైనుతో కలిసింది 1871లో. తరువాత ఐదేళ్ళకే ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను అది వూడ్చిపెట్టింది. కర్నూలు జిల్లాలో 1871 లెక్కకీ 1881 లెక్కకీ మధ్య జనాభా పావువంతు తగ్గిపోయింది. కరువు పనుల్లో ఆడవాళ్ళు, పిల్లలు కూడా రాళ్ళు కొట్టారు, మట్టి మోశారు. సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర 1877లో కూలి కోసేసి, మనిషికి రోజుకి ఒక పౌను గింజలు, పైన ఒకటో అరో అణా అని లెక్క కట్టాడు. పౌను అంటే అరకిలోకి తక్కువే. అందులోనూ ఆడకూలికి మగవాడి కన్నా తక్కువ. ఆ రోజుల్లో హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాజధానిలో కరువు బాధితులను ఫోటోలు తీశాడు. ఎముకల గూళ్ళలాంటి మనుషులు గుంపుగా, పద్ధతిగా కూర్చుని వుంటారు. అవి చూస్తే అన్నం సహించదు. అంత బలహీనంగా వున్న వాళ్ళని కూడా ఫోటో కోసం వరసగా కూర్చోబెట్టారే అన్న బాధ కలుగుతుంది. ఒక్కరి పేరూ వుండదు.

కరువు తరువాత వేసిన విచారణ సంఘం 1880లో, కరువు ప్రాంతాలకి రైళ్ళు వేయాలని చెప్పింది. అలా వచ్చిందే బళ్ళారి-కృష్ణా లైను. గుంతకల్లు నుంచి ద్రోణాచలం, బేతంచెర్ల, నంద్యాల మీదుగా నల్లమల దాటి బెజవాడకి పోయే మీటరు గేజి దారి. నంద్యాల రైలు వూరైంది అప్పుడే. ఆ దారిలో పేరు మోసిన కట్టడం దొరబావి వంతెన. నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో, లోయకి అడ్డంగా, పొడవాటి కాళ్ళ మీద నిలబడి వుండేది. దాని ఫోటోలు చూస్తే, పైన పోయే రైలు పిల్లల బొమ్మలా వుంటుంది. 1990లలో పెద్ద గేజి వచ్చాక రైలు వేరే దారి పట్టింది.

అందమైన ఫోటోలే. కాదనను. కానీ ఇంజనీరు తీయించే ఫోటో పూర్తయిన పనిని పైవాళ్ళకి చూపించడానికి. అందులో వంతెన వుండాలి, ఇంజను వుండాలి, కొలత తెలియడానికి పక్కన ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషి కొలబద్ద మాత్రమే. కట్ట పోసిన తట్టలు, తట్టలు మోసిన తలలు, చెట్టుకి కట్టిన చీర వుయ్యాలలో పసిపిల్ల, ఇవన్నీ పని నడుస్తుండగా వుంటాయి. పని అయిపోయేసరికి వెళ్ళిపోతాయి. ఫోటోగ్రాఫరు వచ్చేది పని అయిపోయాకే. వంతెన పేరులో కూడా దొర నిలిచాడు. తట్ట మోసినావిడ ఎక్కడా నిలవలేదు.

మరి మిషన్ వారి ఫోటోలు? నేను అనుకున్నదానికన్నా ఇక్కడ విషయం చిక్కుగా వుంది.

లండన్ మిషన్ వారు కడపకి వచ్చింది 1822లో, రైలు పుట్టకముందే. ఎస్‌పీజీ వారు ముత్యాలపాడు, నంద్యాల వైపు 1850ల నుంచి పని చేశారు. ధాత కరువు తరువాతి ఏళ్ళలో ఆ పల్లెల నుంచి, ముఖ్యంగా మాల, మాదిగ కుటుంబాల నుంచి, ఎంతోమంది ఆ మతంలో చేరారు. వాళ్ళ ఫోటోలు తీసింది కూడా ఒక లెక్క అప్పజెప్పడానికే. ఇంగ్లండులో చందాలు ఇచ్చినవాళ్ళకి, 'మీ డబ్బుతో ఈ గుడి లేచింది, ఈ బడి నడుస్తోంది' అని చూపించాలి. అందుకని పెద్ద గుళ్ళకి ఫోటోలు ఎక్కువ. పల్లెల్లో పగలు బడిగా, ఆదివారం గుడిగా వాడుకున్న మట్టి మిద్దెలకీ, బోద కొట్టాలకీ తక్కువ. నిజానికి ఎక్కువమంది ప్రార్థన చేసింది ఆ కొట్టాల్లోనే.

గుళ్ళని కూడా కాస్త నిదానంగా చూస్తే ఫోటో కబుర్లు చెబుతుంది. లండన్ మిషన్ వారి ప్రార్థన మందిరాలు చాలాచోట్ల బడిలాగే వుంటాయి. సాదా గోడలు, వసారా, లోపల బోధకుడు నిలబడే వేదికకే పెద్దపీట. ఎస్‌పీజీ వారివి ఆంగ్లికన్ పద్ధతి. కోసు కిటికీలు, గంట, తూర్పున బలిపీఠం. ఆ గుళ్ళలో పరిచిన నాపరాళ్ళు మాత్రం అచ్చంగా మన సీమవే. ఏ పద్ధతి గుడి అయినా చెప్పులు బయట విడిచి, ఆడవాళ్ళు ఒకవైపు మగవాళ్ళు ఒకవైపు కింద కూర్చోవడం మనదే. బయట గోడ విలాయతీ, లోపల నేల సీమది. ఫోటోల్లో ఎక్కువ పడింది బయటి గోడ.

ఈ రెండు పద్ధతుల తేడా చిన్నదేం కాదు. 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు కడప, జమ్మలమడుగు వైపు సంఘాలు అందులో కలిశాయి. నంద్యాల వైపు ఆంగ్లికన్లు కలవలేదు. వాళ్ళు కలిసింది 1975లో. ఒక సీమలో, పక్క పక్క తాలూకాల్లో, ఇరవై ఎనిమిదేళ్ళు రెండు దారులన్నమాట. పిల్లనిచ్చి పుచ్చుకున్న ఇళ్ళలో ఆడబడుచుది ఒక సంఘం, వదినది ఒక సంఘం. ఇది ఏ గుడి ఫోటోలోనూ కనిపించదు. మా స్నేహితురాలి అత్తగారు ఒక్క ముక్కలో చెప్పింది: "పాటలు అవ్వేలేమ్మా, లేచి నిలబడే చోటే వేరు."

రైల్వే కాలనీల్లో గుళ్ళ కథ మళ్ళీ వేరు. గుంతకల్లు, నందలూరు లాంటి చోట్ల డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లుగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు వుండేవి. నందలూరులో అప్పట్లో ఆవిరి ఇంజన్ల షెడ్డు వుండేది. అలాంటి కుటుంబాల ఆల్బముల్లో ఆడవాళ్ళకి పేర్లు వుంటాయి. ఎందుకంటే వాళ్ళ ఫోటోలు వాళ్ళే తీసుకున్నారు. 1888లో కొడాక్ పెట్టె కెమెరా వచ్చాక, అది కొనగలిగినవాళ్ళకి ఫోటో ఇంటి వస్తువు అయిపోయింది. కెమెరా ఎవరి చేతిలో వుంటే పేర్లు వాళ్ళవి మిగులుతాయి. పల్లెలో మట్టి మోసినావిడ చేతికి అది ఎప్పుడూ రాలేదు.

అంతమాత్రాన మిషన్ ఫోటోలని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఆ కాలంలో మన పెద్దింటి వాళ్ళు స్టూడియోకి వెళ్ళి ఫోటోలు తీయించుకున్నారు. జరీ పంచెలు, గోడగడియారాలు, పక్కన పూలకుండీ. వాళ్ళు తమ పొలంలో కలుపు తీసినావిడని పిలిచి పక్కన నిలబెట్టుకున్నారా? ఆమె నీడ కూడా పడనివ్వలేదు. మిషన్ ఫోటోలో ఆమె చివరనైనా వుంది. కొన్ని ఫోటోల్లో ఇంకా ముందుకి వచ్చి, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చుని వుంటుంది. బైబిలు స్త్రీలనీ, పంతులమ్మలనీ పిలిచేవారు వాళ్ళని. ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించేవారు. ఆ పుస్తకం కూడా చందాదారుల కోసం పెట్టించినదే అనండి, అయినా పట్టుకున్న చేతుల్ని చూడండి. బొటనవేలు పేజీల మధ్య వుంటుంది. అది చదువుతూ ఆపిన చెయ్యి. ఫోటోగ్రాఫరు చెబితే వచ్చేది కాదు ఆ వేలు.

అడుగున రాసిన మాట మాత్రం 'దేశీయ క్రైస్తవ స్త్రీలు' అనో, 'బైబిలు స్త్రీ' అనో వుంటుంది. పుస్తకం ఇచ్చినవాళ్ళకి ఆమె పేరు తెలియదని అనుకోలేం. రోజూ పిలిచిన పేరే కదా! ఫోటో పంపేటప్పుడు రాయడం అవసరమనిపించలేదు. ఆమెని ఫోటోలోకి పిలిచిన చెయ్యే ఆమె పేరు వదిలేసింది. నాకు ఆ ఫోటోల మీద గౌరవమూ వుంది, కోపమూ వుంది. రెండూ నిజమే.

మిగతా ప్రపంచం ఈ విషయంలో మేలుకుంటోంది. చాలాచోట్ల పాత చిత్రాలు దాచిన సంస్థలు, ఫోటోలోని మనుషుల వారసులని అడిగి పేర్లు చేర్చుకుంటున్నాయి. కానీ అడిగేనాటికి చెప్పేవాళ్ళు మిగలాలి కదా! దూరదేశంలో వున్న ఫోటో కాలిపోదు, చెదలు పట్టదు. దానిలోని మనిషి పేరు మాత్రం ఇక్కడే, మన ఇంటి మూల మంచం మీద పడుకున్న అవ్వ నోట్లో వుంది. ఆ అవ్వకి ఎనభై దాటాయి.

ఇప్పుడు నంద్యాల జిల్లా కేంద్రం అయింది, 2022లో. నంద్యాల నుంచి బనగానపల్లె, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా ఎర్రగుంట్లకి రైలు 2016లో మొదలైంది. జమ్మలమడుగు ఆసుపత్రికి వచ్చే దొరసానులు ఒకప్పుడు ముద్దనూరు స్టేషన్లో దిగి ఎద్దుల బండి ఎక్కవలసిందే. నూరేళ్ళకి పైగా ఆగి రైలు ఆ వూరికి వచ్చింది. కొత్త రైలు ప్రారంభం రోజు ఎన్ని సెల్‌ఫోన్లు లేచి వుంటాయో! ఇంజనుకి కట్టిన పూలదండ అందరి ఫోన్లలోనూ పడే వుంటుంది. ఆ లైనుకి కంకర మోసినావిడ ఎన్నింటిలో పడిందంటారు? ఈ ప్రశ్న దొరలని అడిగినంత సులువుగా మనల్ని మనం అడుక్కోం.

నంద్యాల నుంచి తిరిగొచ్చే రోజు పొద్దున్న స్నేహితురాలి అత్తగారు ఆ ఫోటో మళ్ళీ తీసింది. రాత్రంతా పేరు కోసం ఆలోచించిందట. గిద్దలూరులో వున్న పెదనాయన కూతురికి ఫోను కూడా చేయించింది. ఆమెకీ తెలియలేదు. "ఆమె పేరు మాతోనే పోయె" అంది. కళ్ళు తుడుచుకోలేదు గానీ, ఫోటోని కాసేపు బోర్లా పెట్టి వుంచింది.

చివరికి మనవరాలిని పిలిచి పెన్సిలు తెమ్మంది. దొరగారి పేరు కింద తెలుగులో రాయించింది. "కుడిపక్క చివర నిలబడినది మా నాయన తల్లి. ఈ గుడికి సున్నం మోసింది. పెద్దయినాక అక్షరాలు నేర్చుకునింది. నలుగురు పిల్లలు." మనవరాలు రాసి, "జేజీ, మరి నీ పేరు కూడా రాసేదా?" అంది.

"నాదెందుకే?" అంది ఆవిడ.

"రాయమ్మా, రాయి" అన్నాను నేను.

రాసింది. ఇంటికొచ్చి నేను మా పెళ్ళి ఆల్బం తీశాను. స్తంభం చాటున గరిటెతో వున్న పిన్ని పేరు నాకు తెలుసు. మా పిల్లలకి తెలీదు. ఆ పేజీ వెనకాల రాసిపెట్టాను.